తినదగినది, ముట్టరాదు

తోటకు కాపలా ఉండేవాళ్లను చూశాను. నా చామంతి మడికి నేనే కాపలా. కానీ నూనె డబ్బాలో పెరిగిన ఒక మొక్కకు, మెడలో విజిల్ వేసుకుని కాపలా ఉండే ఉద్యోగం లోకంలో ఒకటుందనీ, అది కొర్రలవంకలో నాకే వస్తుందనీ అనుకోలేదు. నేను అడగలేదు. ఆ రోజు బెంచీ మీద ఊరికే కూర్చుని ఉండటమే నా అర్హత.

ఆ బెంచీ గంగులమ్మ టీ బడ్డీ ముందుది. మా ఊరు కొండకు పోయే దారిలో ఉంటుంది. పంచాయతీ ఆఫీసు ఎదురుగా బస్సులు ఆగేచోట ఆమె బడ్డీ. మొగుడు నడుము పట్టి మంచాన ఉన్నాడు. బడ్డీలో పాలు పొంగితేనే ఇంట్లో పొయ్యి వెలిగేది.

మొక్క కూడా ఆమెదే. ఒకప్పుడు కొండమీది అతిథి గృహం తోటలో కలుపు తీయడానికి పోయింది. తోటమాలి ఏదో మొక్కను కత్తిరించి కొమ్మలు బయట పారేశాడు. ఎర్రటి సన్న పూలు ముచ్చటగా ఉన్నాయని ఒక కొమ్మ తీసి కొప్పులో పెట్టుకుంది. సాయంత్రం ఇంటికొచ్చి కొప్పు విప్పితే ఇల్లంతా అనాస పండు వాసన. పారేయడానికి చేయి రాక గ్లాసు నీళ్లలో వేసింది. కొన్నాళ్లకు గ్లాసులో తెల్లటి వేళ్లు మీసాల్లాగా దిగాయి. నూనె డబ్బా కడిగి, మట్టి నింపి, అందులో నాటింది. పేరు తెలియదు కాబట్టి అనాసాకు అంది. ఊరూ అదే అంది.

టీ దించే ముందు చెయ్యి చాచి ఒక చిగురు తుంచడం, అరచేతిలో నలపడం, గ్లాసులో వేసి పైన టీ పోయడం. ఒక చిగురు తుంచినచోట రెండు చిగుళ్లు లేచేవి. బేరం పెరిగేకొద్దీ మొక్క గుబురయ్యింది. అదంతా తాను మొక్క మొదట్లో వేసే టీ పిప్పి మహిమేనని గంగులమ్మ నమ్మకం.

"నా మాదిరే మునెప్పన్నా. పిప్పి తిని బతకతా ఉండాది," అని నాతో అనేది.

చలి మొదలైతే కొసలకు ఎర్రగా పూసేది. తేనెపిట్టలు వచ్చి ముక్కు పెట్టి పోయేవి. నేను రోజూ మధ్యాహ్నం మడి నుంచి వచ్చి అది చూస్తూ టీ తాగేవాణ్ని.

"నువ్వు ఒక మాట మాట్లాడితే ఆ పొద్దు టీ ఊరకనే ఇస్తా అన్నా," అని గంగులమ్మ పందెం కట్టింది. ఊరకనే ఇవ్వాల్సిన అవసరం ఆమెకు ఎప్పుడూ రాలేదు.

ఒక ఎండాకాలం కొండకు పోతున్న జీపు టైరు దిగి మా ఊళ్లో ఆగింది. అందులోంచి ఉద్యాన సౌందర్య విభాగం ఉప సంచాలకులు పరాంకుశం గారు దిగారు. పంచాయతీ సెక్రటరీ షఫీవుల్లా ఆఫీసులోంచి చొక్కా గుండీలు పెట్టుకుంటూ పరిగెత్తుకొచ్చి నన్ను బెంచీ చివరికి జరిపాడు. గంగులమ్మ టీ ఇచ్చింది. సారు ఒక గుక్క తాగి గ్లాసును ఎండకెత్తి చూశారు.

"ఇందులో ఏ కృత్రిమ సుగంధ ద్రవ్యమును వినియోగించుచున్నావమ్మా?"

"ఆకు సార్. అదో, ఆ డబ్బాలోది."

సారు వెళ్లి ఒక ఆకు తుంచారు, వాసన చూశారు, నమిలారు. కళ్లు మూసుకున్నారు.

"షఫీవుల్లా! ఇది సేజి అను సుగంధపత్ర జాతి. చూచుటకు అలంకారము, తినుటకు ఆహారము. ఏకకాలమున రెండునూ! ఇంతటి మొక్క ఒక వ్యక్తి అధీనములో ఉండుటయా? అందునా నూనె డబ్బాలోనా?"

"డబ్బా కడిగే పెట్టినా సార్," అంది గంగులమ్మ.

సారు నములుతూనే 'అలంకార భోజ్య మొక్కల పరిరక్షణ పథకం' ప్రకటించారు. పథకంలో ఆ మొక్క మొదటిది. రెండోది ఉందో లేదో ఎవరూ అడగలేదు. నియమాల ప్రకారం ఆ ఆకును చివరిసారిగా తుంచిన మనిషి ఆయనే.

మరుసటి వారం డబ్బా కోసి మొక్కను బయటికి తీశారు. రంగు పలకలు అంటించిన సిమెంటు గద్దె కట్టి, అందులో నాటి, చుట్టూ ఇనుప కంచె వేశారు. కంచెకు బోర్డు తగిలించారు: 'ఇది తినదగిన మొక్క. ముట్టరాదు.'

కాపలాకు మనిషి కావాలన్నారు. షఫీ చుట్టూ చూశాడు. బెంచీ మీద నేనున్నాను.

"మునెప్పన్న ఎట్లా ఈడనే కూర్చుంటాడు సార్. ఎవురితోనూ మాట్లాడడు."

"గోప్యత పాటించు స్వభావము. ఉత్తమము," అని పరాంకుశం గారు నా మెడలో విజిల్ వేశారు. మొక్కను ఎవరు ముట్టినా ఊదాలి. తేనెపిట్ట ముడితే ఊదాలా అని అడగాలనిపించింది. కానీ ఆ రోజుకు టీ అప్పటికే తాగేశాను.

ఈలోపు పోషక విభాగం వారికి కబురందింది. తినదగిన మొక్క తమది కావాలని వారి అధికారిణి త్రిపురాంబ గారు వచ్చారు. షామియానా వేసి సంయుక్త సమావేశం పెట్టారు. కాపలాదారుగా నేనూ నిలబడ్డాను.

"భుజింపదగినదానిని ఊరక చూచుట ఆహారమునకు అవమానము," అన్నారు త్రిపురాంబ గారు.

"చూడదగినదానిని భుజించుట సౌందర్యమునకు ఘాతుకము," అన్నారు పరాంకుశం గారు.

పొద్దు వాలే వేళకు రాజీ కుదిరింది. పువ్వు సౌందర్య విభాగానిది. ఆకు పోషక విభాగానిది. కాడ విషయం పరిశీలనలో ఉంది.

అందరికీ టీలు అందిస్తున్న గంగులమ్మ త్రిపురాంబ గారి దగ్గర ఆగింది. "అమ్మా, ఆకు మీదేనంట గదా. ఆకులేని టీ తాగేదానికి ఎవురూ రావడంల్యా. రోజుకు నాలుగు చిగుళ్లు తుంచుకుంటా తల్లీ."

"ఆకు తినదగినదని మేము ధ్రువీకరించితిమి. తినవచ్చునని చెప్పలేదు."

"రెంటికీ తేడా ఏందమ్మా?"

"ఆకు తుంచవలెనన్న కాడను పట్టుకొనవలెను కదా? కాడ పరిశీలనలో ఉన్నది."

గంగులమ్మ నా వైపు చూసింది. నేను విజిల్ వైపు చూసుకున్నాను.

ఆ సమావేశంలోనే ఇంకో సంగతి తేలింది. బడ్డీ పొయ్యి నుంచి వేడీ ఆవిరీ మొక్క మీదికి పోతున్నాయట. బడ్డీని మొక్క 'గౌరవ పరిధి' దాటించాలన్నారు.

"ఆ పొయ్యి పక్కనే గదా సార్ అది పుట్టి పెరిగింది!"

"అప్పుడది మొక్క. ఇప్పుడది పథకము."

గౌరవ పరిధిని టేపు పట్టి కొలిచారు. అది ఊరు దాటి, కింది మలుపు దగ్గర తేలింది. అక్కడ చింతచెట్ల నీడ తప్ప ఏమీ లేదు. బస్సులు ఆగవు. మలుపులో బ్రేకు మీద కాలుపెట్టి డ్రైవర్లు గంగులమ్మకు చెయ్యి ఊపి పోతారు. చెయ్యి ఊపితే టీ అమ్ముడుపోదు.

బడ్డీ ఎత్తే రోజు ఆమె ఏడవలేదు. పాలగిన్నె నెత్తిన పెట్టుకుని పరాంకుశం గారి జీపుకు అడ్డంగా నిలబడింది.

"నా మొక్క తీసుకున్నారు, తీసుకోండి. నా జాగా ఎప్పుడిస్తారో చెప్పి పోండి సార్."

సారు కాస్త ఆలోచించారు. "మార్గశిర మాసమున పథకము ప్రారంభోత్సవము. ప్రధాన సంచాలకులు స్వయముగా విచ్చేయుచున్నారు. నాటికి మొక్క పుష్పించినచో, పూర్వ సంరక్షకురాలివి కనుక నీ స్థలము నీకే. చిగురు తుంచుటకు అనుమతియు ఇప్పించెదను."

"పూయకపోతే?"

"పుష్పించనిచో నీ పొయ్యి ఆవిరియే కారణమని భావించవలసియుండును. అట్టి వ్యక్తిని మరల దరికి రానిచ్చుట ఎట్లు?"

అప్పటి నుంచి గంగులమ్మ రోజూ పొద్దున్నే మలుపు నుంచి పైకి నడిచొచ్చేది. కంచె ఇవతల నిలబడి కొసలకేసి చూసేది. "పూయే తల్లీ, నీకు పుణ్యముంటుంది," అని మొక్కకు చెప్పి, "నువ్వు చూసుకో అన్నా," అని నాకు చెప్పి పోయేది. నేను చూసుకుంటూనే ఉన్నాను. చూడటం తప్ప ఏదీ నా నియమాల్లో లేదు.

మొక్క ఎలా పెరిగిందో చెప్పాలి. చిగురు తుంచేవాళ్లు లేరు కాబట్టి గుబురు పోయి, కాడలు సన్నగా, పొడుగ్గా, ఎండుకట్టెల్లాగా పైకి పోయాయి. కొసన నాలుగు ఆకులు. అది చూసి పరాంకుశం గారు చప్పట్లు కొట్టారు. "ఔన్నత్యము! మా విభాగము చేపట్టిన పిమ్మట ఎంత ఎత్తు ఎదిగినదో చూడుడు!" అని ఫోటో దిగారు. ఫోటోలో ఆకులు రావాలని ఫోటోగ్రాఫరు నిచ్చెన ఎక్కాడు.

నీళ్ల సంగతి సరేసరి. పువ్వు విభాగం వారు పొద్దున నీళ్లు పోయాలి. ఆకు విభాగం వారు సాయంత్రం పోయాలి. కాడ ఎవరిదీ కాదు కాబట్టి నిష్పక్షపాతంగా పంచాయతీ వారు మధ్యాహ్నం పోయాలి. వానాకాలం వచ్చాక షఫీ పైకి ఫోను చేశాడు.

"సార్, వాన కురుస్తా ఉండాది. మేము కూడా పోయల్లా?"

"వాన ఏ విభాగమునకు చెందినది?"

"ఏ విభాగానిదీ కాదు సార్."

"అట్లయిన లెక్కలోనికి రాదు. పోయుడు."

షఫీ ఒక చేత్తో గొడుగు పట్టుకుని ఇంకో చేత్తో చెంబు వంచేవాడు. మంచి పిల్లోడు. అమ్మ కట్టిన క్యారియర్లో సగం గంగులమ్మ మొగుడికి పెట్టొచ్చేవాడు. "పైనుంచి వచ్చిందన్నా, నేనేం చేయను?" అనేవాడు, నేను ఏమీ అడగకపోయినా.

ఆషాఢం గాలికి మొదటి కొమ్మ విరిగింది. అంత పొడుగు కాడ, అంత బరువు తడి, విరగక ఏం చేస్తుంది? నేను విజిల్ ఊదాను. గాలి ఆగలేదు. షఫీ బయటికొచ్చి కొమ్మను చూసి తల పట్టుకున్నాడు. పైకి ఫోను చేసి స్పీకరు పెట్టాడు.

"మొక్కపై ఉన్నంతవరకు అది పథకము," అంది పరాంకుశం గారి గొంతు. "నేలపై పడినది ఉద్యాన వ్యర్థము. పథక ఆవరణలో చెత్త కనబడరాదు. తక్షణము తొలగించుడు."

అప్పుడే గంగులమ్మ చూడటానికొచ్చింది. నేలమీది కొమ్మను చూసింది. షఫీని చూసింది.

"చెత్త ఎవురు ఎత్తినా పుణ్యమే గదా అబ్బయా?"

షఫీ బుర్ర గీరుకున్నాడు. "సారు ఎత్తమనినాడు. ఎవురు ఎత్తల్లో చెప్పలా."

ఆమె కొమ్మను తీసి, దులిపి, కొప్పులో పెట్టుకుని మలుపు దిగింది.

ఆ తర్వాత గాలి వీచినప్పుడల్లా ఆమె వచ్చేది. కొమ్మ పడితే నేను విజిల్ ఊదేవాణ్ని. నియమం ప్రకారం అది హెచ్చరిక. మలుపు దగ్గర అది వినపడితే గంగులమ్మ పొయ్యి తగ్గించి పైకి బయలుదేరేది. ఇందులో నా తప్పేమీ లేదు. నా ఉద్యోగం నేను చేశాను.

కార్తీకం వచ్చింది. ప్రారంభోత్సవం దగ్గరపడుతోందని గద్దె చుట్టూ పెద్ద దీపాలు పెట్టారు. మొక్క పగలూ రాత్రీ కనపడాలని, సాయంత్రం వెలిగిస్తే తెల్లారేవరకు ఆర్పకూడదని ఆజ్ఞ. మా చామంతి మళ్లలోనూ మేము బల్బులు కడతాం. వెలుతురుంటే చామంతి మొగ్గ వేయదు. ధర వచ్చేదాకా పూతను ఆపడానికి కట్టి, ధర వస్తుందనగా ఆర్పేస్తాం. అనాసాకు సంగతి అంతేనో కాదో నాకు తెలియదు. అయినా గంగులమ్మ మొఖం గుర్తొచ్చి, పరాంకుశం గారు వచ్చినప్పుడు నోరు తెరిచాను.

"సార్, దీపం ఆర్పితే పూస్తుందేమో. చామంతి అట్లనే."

ఆయన నన్ను దయగా చూశారు. "చామంతి వ్యాపార పుష్పము. ఇది సంస్థాగత పుష్పము."

ఇంకో వారానికీ మొగ్గ రాలేదు. వెలుతురు చాలడం లేదని ఇంకో దీపం పెట్టించారు. దానికీ రాలేదు. ఇంకోటి. చివరికి మా ఊరి కోళ్లు ఎప్పుడు కూయాలో తెలియక కూయడం మానేశాయి.

ప్రారంభోత్సవం పొద్దున గంగులమ్మ వచ్చింది. కొసన నాలుగు ఆకుల్లో రెండు రాలిపోయి ఉన్నాయి. ఒక్క మొగ్గ లేదు. ఏమీ అనకుండా వెనక్కి తిరిగింది. అంత నోరున్న మనిషి మాట్లాడకుండా పోవడం నాకు బాగాలేదు.

పరాంకుశం గారికీ బాగాలేదు. కంచె చుట్టూ తిరిగారు. జీపు డ్రైవర్ని టౌనుకు పంపారు. వాడు సంచీ నిండా ఎర్రటి ప్లాస్టిక్ పూలు తెచ్చాడు. నిచ్చెన వేసి, సన్న తీగతో ఒక్కొక్కటే కాడలకు కట్టారు. కాడ పరిశీలనలో ఉంది కాబట్టి కట్టకూడదని త్రిపురాంబ గారు అభ్యంతరం చెప్పబోయారు. అంతలో కార్లు వచ్చాయి.

ప్రధాన సంచాలకులు దిగారు. లావుపాటి, నెమ్మదైన మనిషి. రిబ్బను కత్తిరించి పైకి చూశారు.

"అద్భుతంగా పూసిందయ్యా పరాంకుశం!"

"తమ ఆశీర్వాదము."

"ఎండకు కూడా వాడలేదే!"

"వాడవండి. విభాగము హామీ ఇచ్చుచున్నది."

ఉపన్యాసాలయ్యాక పెద్ద సారుకు దాహమేసింది. చుట్టూ చూశారు. గౌరవ పరిధిలో నీళ్లు తప్ప ఏదీ లేదు, అవీ మొక్కకే. "దారిలో మలుపు దగ్గర ఏదో బడ్డీ చూశాను. అక్కడ ఆగుదాం," అన్నారు. పరాంకుశం గారు అడ్డు చెప్పే లోపే కారెక్కేశారు. వెనక అన్ని కార్లూ కదిలాయి. చూసేవాళ్లు లేని గద్దెకు కాపలా ఏమిటని నేనూ, షఫీ సైకిలు వెనక కూర్చుని, మలుపుకు దిగాను.

మలుపు దగ్గర అందరూ కార్లు దిగారు. బడ్డీ పక్కన, వెనక, చింతచెట్ల మొదట్లో ఎక్కడ చూసినా డబ్బాలు. నూనె డబ్బాలు, పగిలిన బిందెలు, పాత బకెట్లు. అన్నింట్లో అనాసాకు, తుంచి తుంచి గుబురెక్కి, కొసకొసకూ ఎర్రగా పూసి ఉంది. అక్కడ వీధి దీపం కూడా లేదు. తేనెపిట్టలు కొమ్మ కొమ్మకూ ఎగురుతున్నాయి.

పెద్ద సారు బెంచీ మీద కూర్చున్నారు. గంగులమ్మ అలవాటుగా చిగురు తుంచి, నలిపి, టీ పోసి ఇచ్చింది. ఆయన ఒక గుక్క తాగి ఆగారు.

"ఏమిటమ్మా ఈ వాసన? ఏం వేశావు?"

గంగులమ్మ పైట చెంగుతో చెయ్యి తుడుచుకుంది.

"చెత్త సార్."

"ఏమిటీ?"

"చెత్తే సార్. పైన గాలికి విరిగి పడితే, చెత్త ఎత్తేయమని ఈ సారు చెప్పినాడంట. ఎత్తేసినా."

"ఇది పథకమునకు చెందిన ఆకు! ఇది అపహరణము!" అన్నారు పరాంకుశం గారు.

షఫీ నేలచూపులు చూస్తూ మెల్లగా అన్నాడు. "సార్, నేలమీద పడినది పథకం కాదు, వ్యర్థం అని తమరే సెలవిచ్చినారు. స్పీకర్లో విన్న్యాం. మునెప్పన్న సాక్షి."

అందరూ నా వైపు తిరిగారు. నేను తలూపాను. గంగులమ్మతో పందెం గుర్తొచ్చి, "అవును," అని కూడా అన్నాను.

పరాంకుశం గారు త్రిపురాంబ గారిని ఆశ్రయించారు. "అమ్మా, వ్యర్థమును ప్రజలకు త్రాగించుచున్నది. మీరైననూ నిషేధించుడు!"

త్రిపురాంబ గారు చాలాసేపు ఆలోచించారు. "నిషేధించవలెనన్న మొదట అది ఆహారమని మేము అంగీకరించవలెను. వ్యర్థమును ఆహారమని అంగీకరించు అధికారము మా విభాగమునకు లేదు. కనుక ఆమె గ్లాసులో, మా దృష్టిలో, ఏమియూ లేదు."

"అయితే ఇంకో గ్లాసు ఆ ఏమీ లేనిది పోయమ్మా," అన్నారు పెద్ద సారు.

పరాంకుశం గారు ఆఖరి ప్రయత్నం చేశారు. "పోనిండు. ఈ డబ్బాలన్నింటినీ పథకములోనికి స్వీకరించి, చుట్టూ కంచె వేయించెదను."

"సార్," అన్నాడు షఫీ ఇంకా మెల్లగా, "చెత్తకు కంచె వేస్తే చెత్తకుప్ప అవుతుంది. ఏ పంచాయతీలోనూ చెత్తకుప్ప ఉండగూడదని పైనుంచి వచ్చింది."

పెద్ద సారు రెండో గ్లాసూ ఖాళీ చేసి లేచారు. పోతూ పోతూ, మొక్క పూసినందుకు పరాంకుశం గారిని అభినందించారు. అది విన్నాక సారుకు కాస్త ప్రాణం వచ్చింది. ఇచ్చిన మాట కూడా గుర్తొచ్చింది. గంగులమ్మ వైపు తిరిగి గొంతు సవరించుకున్నారు.

"మొక్క పుష్పించినట్లు ప్రధాన సంచాలకులే ధ్రువీకరించిరి. కావున నీవు నీ పూర్వ స్థలమునకు మరలి రావచ్చును. చిగురు కూడ తుంచుకొనవచ్చును."

ఆ మాట కోసం ఆమె ఎండాకాలం నుంచి రోజూ కొండ ఎక్కింది. ఇప్పుడు డబ్బాల వైపు చూసింది. కార్లు ఆగినచోట ఏదో ఉందనుకుని అప్పుడే ఒక బస్సు కూడా ఆగింది. దిగిన జనం టీ కోసం వరసలో నిలబడ్డారు.

"వద్దులే సార్," అంది. "ఆడ వెలుతురు జాస్తి."

ఆ రోజు నాకు టీ ఊరకనే ఇచ్చింది.

ఇప్పుడు బస్సులన్నీ మలుపులోనే ఆగుతాయి. కండక్టరు కిటికీలోంచే కేకేస్తాడు: "అక్కా, మూడు చెత్త, ఒకదాంట్లో చక్కెర వద్దు!"

గద్దె మీది మొక్క ఆ చలికాలంలోనే వేరు కుళ్లి పోయింది. ఆ సంగతి పైకి ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే పువ్వులు బాగానే ఉన్నాయి. మూడు పూటలా నీళ్లు పోస్తున్నారు. దీపాలు వెలుగుతున్నాయి. నా ఉద్యోగం నాకుంది.

మొన్న ఒక తేనెపిట్ట దారి తప్పి వచ్చి గద్దె మీది ఎర్ర పువ్వులో ముక్కు పెట్టింది. నేను విజిల్ నోట్లో పెట్టుకున్నాను. అది ముక్కు తీసి, ఇంకో పువ్వులో పెట్టి, దాన్నీ వదిలి, కంచె మీద వాలి కాసేపు నా వైపు చూసింది. నేను ఊదలేదు. మలుపు వైపు తల తిప్పి చూపించాను.

అది ముందే ఆ వైపు ఎగిరిపోయింది. పొద్దు వాలాక నేనూ దిగాను.